నీలమ్మ ఎక్కించిన కొత్త మేక

మా ఆఫీసుకు కొత్త మేక వస్తోందన్న మాట మొదట క్యాంటీనులో పుట్టింది. టీ తెచ్చే మనిషి జనరల్ మేనేజర్ గది గుమ్మంలో నిలబడి, నీలమ్మ ఫోన్లో కొత్త మేక్ ఎప్పుడు పంపుతున్నారని ఎవరినో అడగడం విన్నాడు. ఇంకేముంది, సాయంత్రానికల్లా గేటు వాచ్‌మన్ దాకా పాకింది. దసరా రోజులు కాబట్టి ఆయుధపూజనాడు కంప్యూటర్‌కు బలి ఇస్తారని కొందరు, లింగాయతులు ఇంతమంది ఉన్న ఆఫీసులో మేకను ఎట్లా కోస్తారని కొందరు, పని మానేసి ఇదే చర్చ. నీలమ్మ లింగాయతుల ఇంటి ఆడపిల్ల, కోడిగుడ్డు ఉన్న గిన్నె కూడా ముట్టదు. ఆమెనే పట్టుకుని మేక ఎంత పెద్దదని అడిగిన ఘనులున్నారు. పెద్దదే గానీ మేత తక్కువ అని చెప్పి ఆమె తన పని తాను చేసుకుంది.

ఇది 1987 నాటి సంగతి. జహీరాబాద్ నుంచి బొంబాయి హైవే మీద చిరాగ్‌పల్లి వైపు పోతుంటే అప్పట్లో ఒక చిన్న చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. పేరు రాయను. ఇప్పుడది లేదు, దాన్ని నడిపినవాళ్లూ లేరు, లేనివాళ్లను పట్టుకుని వేలాడటం నాకిష్టం లేదు. నేను అందులో టైపిస్టును, పేరు మనోరమ. నీలమ్మ కూడా టైపిస్టుగానే చేరింది. ఏళ్ల తరబడి నా పక్క కుర్చీలో కూర్చుంది, నా టిఫిన్ డబ్బాలో పచ్చడి సగం తిన్నది, నేను ఏదైనా కథ మొదలుపెడితే మధ్యలో ఆపి అసలు సంగతి చెప్పమనేది. అలాంటి మనిషిని నేను పొగడలేను. ఆమె చేసిన ఒక పని మాత్రం చెప్తాను.

వాళ్లది రాయికోడ్ దగ్గర పల్లె. ఇంట్లో కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతారు. తండ్రి సంగప్పకు కొద్దిపాటి చెరుకు తోట. చెరుకు రైతు తనకు తోచిన రోజున నరకడానికి లేదు. ఫలానా రోజు నరికి బండి కట్టమని ఫ్యాక్టరీ చీటీ ఇవ్వాలి, దాన్ని కటింగ్ ఆర్డరు అంటారు. ముందు నాటినవాడికి ముందు ఆర్డరు రావాలని రూలు. రూలు గోడ మీద ఉండేది, ఆర్డర్లు మాత్రం ఫీల్డ్ గుమాస్తాలు చేత్తో రాసేవాళ్లు. ఎవరింట్లో భోజనం బాగుంటే వాళ్ల పేరు పైకెక్కేది. సంగప్ప ఇంట్లో జొన్నరొట్టె, పుండికూర తప్ప ఏం దొరుకుతుంది.

నీలమ్మ పదో తరగతి చదువుతున్న ఏడు ఆయనకు ఆర్డరు రానే లేదు. చెరుకు పూత పట్టింది, లోపల బెండు పట్టింది, ఎండాకాలం వచ్చేసరికి నిలువునా ఎండిపోయింది. చీటీ చేతికొచ్చిన నాటికి నరికే కూలి కూడా దండగైంది. ఆయన తోటకు తన చేత్తోనే నిప్పు పెట్టాడు. నీలమ్మ పక్కనే నిలబడి చూసింది. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది, అది కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితే. తర్వాత టైపు నేర్చుకుంటానంటే తండ్రి ఎందుకని అడిగాడట. ఫ్యాక్టరీలో చీటీలు ఎవరు రాస్తారో చూడాలని చెప్పిందట. ఆ మాట మీదే ఆమె జహీరాబాద్ వచ్చింది, లోయర్, హయ్యర్ టైపు పరీక్షలు పాసైంది, డెబ్బై తొమ్మిదిలో మా ఆఫీసులో చేరింది.

కంప్యూటర్ ఎనభై అయిదులో వచ్చింది. కొత్తదేం కాదు. హైదరాబాదులో ఒక కంపెనీ వాడి వాడి విసుగెత్తి వదిలించుకున్న యూనిక్స్ మిషను, మనిషెత్తు బీరువా అంత ఉండేది. చల్లటి గదిలో పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి రావాలన్నారు. చెప్పులు విడవడానికి సిద్ధపడినవాళ్లు ఉన్నారుగానీ దాని ముందు కూర్చోవడానికి ఎవరూ సిద్ధపడలేదు. పాడైతే ఎవరి మీదికొస్తుందోనని భయం. నీలమ్మ నేరుగా జనరల్ మేనేజర్ గురులింగప్ప గదిలోకి వెళ్లి, ఆ పని నాకివ్వండి, కానీ మొదట దాంతో కటింగ్ ఆర్డర్లే రాయించండి అని అడిగింది. ఆయన మంచివాడు, కానీ తుమ్ము వినబడితే సంతకం ఆపే మనిషి. పంచాంగం చూసుకుని సరేనన్నాడు.

ప్రోగ్రాములు రాసింది హైదరాబాదు ఇంజనీరు మదన్‌మోహన్. రైతు పేరు, ఊరు, నాటిన తేదీ ఇస్తే మిషను వరుస కట్టి ఎవరి ఆర్డరు ఎప్పుడో చెప్పేది. మిషను ఎవరింట్లోనూ భోంచేయదు కదా. మొదటి ఏడు వరుస ప్రకారం చీటీలు వెళ్తే పల్లెల్లో జనం నమ్మలేదు. ఫీల్డ్ గుమాస్తాల పెద్ద బస్వరాజ్ మాత్రం ఆ ఏడంతా మొహం మాడ్చుకుని తిరిగాడు.

ఇప్పుడు మేక దగ్గరికి వస్తాను. ఇలాంటి ప్రోగ్రాము ఒకటే ముక్కగా ఉండదు, చాలా ముక్కలుంటాయి. ఒక ముక్క మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ మళ్లీ తయారు చేసి ఒకటిగా కలపాలి. కూరలో ఉప్పు సరిచేయాలంటే కూర మళ్లీ పొయ్యెక్కాలి గానీ రొట్టెలు మళ్లీ కొట్టనక్కర్లేదు. ఏది మళ్లీ చేయాలో, ఏది అక్కర్లేదో లెక్క చూసి చేసిపెట్టే పనిముట్టు పేరే మేక్. మా మిషనులో ఉన్నది పాతది. ఒకసారి కొట్టిన మొదళ్ల నుంచి మళ్లీ వచ్చే చెరుకుకు వేరే వరుస పెట్టాలని మదన్‌మోహన్ ఇంకొన్ని ముక్కలు చేర్చేసరికి, పాత మేక్‌కు ఆ బరువు ఎక్కువైంది, సగంలో కూలబడింది. ఎనభై ఆరు సీజనులో ముక్కలను చేత్తోనే కలిపారు. ఒక పాత ముక్క లోపల ఉండిపోయింది. ఒకే రోజుకు రెండూళ్ల చెరుకు వచ్చి, బండ్లు హైవే దాకా నిలిచిపోయాయి. బస్వరాజ్ ఆ రోజు పండగ చేసుకున్నాడు.

అందుకే ఎనభై ఏడులో దసరాకు ముందే గురులింగప్ప నీలమ్మనూ, మిషను పనిలో ఆమెకు సాయంగా ఉన్న నన్నూ పిలిచి తేల్చి చెప్పాడు.

"నీలమ్మా, మళ్ల బండ్లు రోడ్డు మీద నిలిస్తె నేను మొఖం చూపియ్యలేను. చేత్తోని కలుపుడు వద్దు. కార్తీక పున్నమి లోపల మిషను సక్కగ చెప్తె, మిషను మాటే వింట. లేకుంటె బస్వరాజ్ రాసిందే ఆర్డరు. గంతే."

"పున్నమి లోపల చెప్తది సార్," అన్నది నీలమ్మ.

ఆ గదిలోంచి బయటికి వచ్చాక నాకు కోపం వచ్చింది. రేపు ఏమవుతుందో తెలియకుండా అంత ధైర్యంగా మాట ఎందుకిచ్చావని అడిగాను. పున్నమి తప్పితే ఇక ఎప్పటికీ చేతిరాతే అవుతుంది, గుమాస్తాలు మళ్లీ మిషను మొహం చూడనివ్వరు, అందుకే ఇచ్చానన్నది. నిజమే. ఒకసారి చీటీ పుస్తకం బస్వరాజ్ చేతికి తిరిగిపోతే అక్కడి నుంచి దాన్ని గుంజుకునే మొనగాడు మా ఫ్యాక్టరీలో లేడు.

మదన్‌మోహన్ కొత్త మేక్‌ను ఒక టేపు మీద ఎక్కించి పంపాడు. అదే పార్శిలులో, అంచుల్లో బెజ్జాలున్న కంప్యూటర్ కాగితాల కట్ట కూడా పెట్టాడు. టేపులో ఉన్నదంతా అందులో అచ్చయి ఉంది. మా పాత మిషనుకు సరిపడేలా ఎక్కడెక్కడ మార్చాలో ఎర్ర ఇంకుతో గుర్తులు పెట్టాడు. ఎందుకంటే మా మిషను ప్రోగ్రాములో వాడే ఏ పేరులోనైనా మొదటి కొన్ని అక్షరాలే చూసేది, ఆ తర్వాత ఎంత తేడా ఉన్నా రెండూ ఒకటే అనుకునేది. పొడుగు పేర్లన్నీ కత్తిరించాలి. టేపు ఎక్కించి ఈ కత్తిరింపులు చేసుకుంటే చాలు, పని అయిపోయినట్టే.

కానీ టేపు వచ్చింది దీపావళి అమావాస్య ముందర. అమావాస్య గడవకుండా కొత్త పని వద్దని గురులింగప్ప అడ్డుపడ్డాడు. అమావాస్య తర్వాత మంచి గడియ చూశాడు. తీరా ఆ రోజు లైను రిపేరు అని పొద్దంతా కరెంటు లేదు. కరెంటు లేకుండా మిషను నడవదు, ఈ గడియ పోతే మళ్లీ మంచిది దగ్గర్లో లేదు. నీలమ్మ ఎంత చెప్పినా ఆయన మనసు ఒప్పుకోలేదు. చివరికి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు, ప్రస్థానం పెడదామని.

మా వైపు ఇది ఉన్నదే. ప్రయాణానికి మంచి గడియ ఉండి ఆ వేళకు మనిషి కదల్లేకపోతే, బట్టల సంచి ఒకటి ఆ గడియకు ఇంకొకరింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం మొదలైనట్టే లెక్క, తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. గురులింగప్ప టేపును పసుపు గుడ్డలో చుట్టి, కుంకుమ పెట్టి, తూర్పు దిక్కున ఉన్న చెన్నబసప్ప ఇంటికి తానే తీసుకెళ్లాడు. చెన్నబసప్ప నిష్ఠగల మనిషి, ఇల్లు అద్దంలా ఉంటుంది. నీలమ్మకు ఇష్టం లేకపోయినా ఊరుకుంది. ఒక్కరోజే కదా, దానివల్ల పోయేదేముందనుకుంది. నేను మాత్రం మేక ప్రయాణానికి సంచి కట్టిందని నవ్వాను.

మర్నాడు టేపు తెచ్చి మిషనులో పెట్టాం. కొంచెం చదివి ఆగిపోయింది. తీసి, మిషనులో టేపును చదివే తల భాగాన్ని స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టాం. ఈసారి ఆ కొంచెం కూడా చదవలేదు. నీలమ్మ గురులింగప్ప దగ్గరికి వెళ్లి, చెన్నబసప్ప ఇంట్లో దీన్ని ఎక్కడ పెట్టారని అడిగింది. ఇంటికల్లా ఎత్తైన, శుభ్రమైన చోటే పెట్టారని ఆయన తృప్తిగా చెప్పాడు. ఆమె ఇంకేం అడగకుండా చెన్నబసప్ప ఇంటికి నడిచింది, వెనకే నేను.

చెన్నబసప్పది మైకుసెట్ల వ్యాపారం. పెళ్లిళ్లకు, జాతరలకు కిరాయికి ఇస్తాడు. ముందుగదిలో లౌడ్‌స్పీకర్లు ఒకదాని మీద ఒకటి గోడంత ఎత్తు పేర్చి ఉన్నాయి. అన్నిటికంటే పైదాని మీద కుంకుమ మరకలు ఇంకా ఉన్నాయి. నీలమ్మ గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి దాని వెనక భాగానికి దగ్గరగా పట్టుకుంది. పిన్నీసు ఎగిరి వెళ్లి అంటుకుపోయింది. అంత పెద్ద అయస్కాంతం మీద ఒక పగలూ ఒక రాత్రీ ఉంటే టేపు మీద ఏం మిగులుతుంది. చెన్నబసప్ప పాపం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు, దేవుడి పటాలు కూడా అక్కడే పెడతానన్నాడు. నాకైతే ఊళ్లోని మైకుసెట్లన్నీ పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. నీలమ్మ పిన్నీసు గుంజి తీసుకుని, ఆయన భార్య ఇచ్చిన మంచినీళ్లు తాగి బయటికి వచ్చింది.

మదన్‌మోహన్‌కు ట్రంకు కాల్ చేస్తే ఇంకా చేదు వార్త విన్నాం. మా మిషను చదివే రకం టేపు రాసే యంత్రం హైదరాబాదులో ఆయన దగ్గర లేదు, ఇది బొంబాయిలో రాయించాడు. మళ్లీ రాయించి తెప్పించాలంటే సీజను సగం అయిపోతుంది. గురులింగప్ప పక్కనే నిలబడి వింటున్నాడు. ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. తప్పు నాదే అని ఆయన నోటితో చెప్పలేదు గానీ, ఆ మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. అయినా పున్నమి మాట వెనక్కి తీసుకోలేదు. చీటీలు ఎవరో ఒకరు రాయాలి, చెరుకు ఆగదు కదా.

ఆ సాయంత్రం ఇంటికి పోయే బస్సు కోసం నిలబడి నేను ఏడ్చినంత పని చేశాను. నీలమ్మ కాగితాల కట్టను చంకలో పెట్టుకుని ఉంది.

"మనోరమా, టేపు మీద పోయింది. కాగితం మీద ఉన్నది గద. మనమిద్దరం టైపిస్టులమే గద."

ఆమె అన్నదేమిటో నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కట్ట పదిమందికి కాల్చిన రొట్టెల దొంతరంత ఉంది. అందులో ఒక్క వరుస కూడా మామూలు ఇంగ్లీషు కాదు, అన్నీ బ్రాకెట్లు, చుక్కలు, కామాలు. అదంతా చూసి చూసి కొట్టాలి. ఒక్క కామా తప్పినా మిషను ఒప్పుకోదు. నేను కుదరదన్నాను. ఆమె సరే అని బస్సెక్కింది. తెల్లారి వచ్చేసరికి కట్టను రెండు భాగాలు చేసి, ఒకటి నేను కూర్చునే టెర్మినల్, అంటే మిషనుకు కట్టిన తెరా కీబోర్డూ, దాని ముందు పెట్టి ఉంచింది. ఏం చేస్తాను, కూర్చున్నాను.

ఆ రోజుల్లో మా ఇద్దరి వేళ్లూ తప్ప ఆఫీసులో ఇంకేం కదిలినట్టు గుర్తులేదు. నాకు అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నీలమ్మకు అప్పటికి సగం అర్థమయ్యేది, దానివల్ల ఆమె నాకంటే నెమ్మదిగా కొట్టేది. నేను వేగంగా కొట్టి తప్పులు చేసేదాన్ని, ఆమె వాటిని ఏరేది. ఎర్ర ఇంకు గుర్తుల దగ్గర పొడుగు పేర్లు కత్తిరించుకుంటూ వచ్చింది. ముక్కలన్నీ పూర్తయ్యాక మిషనుకు ఇస్తే తప్పుల జాబితా తాడులా వచ్చింది. దిద్దితే సగమైంది, మళ్లీ దిద్దితే ఇంకా సగం. చివరికి ఒక మధ్యాహ్నం ఏ తప్పూ చూపించకుండా మిషను ఊరుకుంది. కొత్త మేక్ తయారైంది. టీ తెచ్చే మనిషికి చెప్తే, మేక ఈనిందా అని అడిగాడు. ఈనింది అన్నాను, ఆ రోజు అంత సంతోషంగా ఉన్నాను.

ఆ సంతోషం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు. మేక్ పనిచేయాలంటే ఏ ముక్కను ఏ ముక్కతో ఎట్లా కలపాలో చెప్పే ఒక పట్టిక దానికివ్వాలి. ఆ పట్టిక కూడా టేపులోనే పోయింది, దాన్నీ కాగితం చూసి నీలమ్మే కొట్టింది. ఆ పట్టిక ఇచ్చి నడపగానే, ఫలానా వరుసలో విడదీసే గుర్తు లేదు అని చెప్పి మేక్ మొరాయించింది. ఆ వరుస చూశాం. కాగితంలో ఎట్లా ఉందో తెర మీద అట్లాగే ఉంది. చుక్క చుక్కకూ సరిపోయింది. కొట్టేసి మళ్లీ కొత్తగా కొట్టింది, మళ్లీ అదే మాట. నేను కొట్టాను, నాకూ అదే జవాబు.

పున్నమి దగ్గర పడింది. పక్క గదిలో బస్వరాజ్ చీటీలు రాయడం మొదలుపెట్టాడు, సిరా వాసన మా దాకా వచ్చేది. మధ్య మధ్యలో గుమ్మం దగ్గరికి వచ్చి, మేక మేస్తలేదా అని పలకరించి పోయేవాడు. నేను నోటికొచ్చిన మాట అనబోతే నీలమ్మ నా చేయి పట్టుకునేది. ఆమెకు మాత్రం కోపం లేదా అంటే ఉంది. ఆ రోజుల్లో మాట్లాడటమే తగ్గించేసింది, రొట్టె ముక్క చేత్తో పట్టుకుని తెర వైపు చూస్తూ తినడం మరిచేది. ఆమె వెనక నుంచి చూస్తే నాకు భయమేసేది. ఇది పోతే ఈ మనిషి ఏమైపోతుందోనని నిజంగా భయపడ్డాను.

మదన్‌మోహన్‌కు మళ్లీ ట్రంకు కాల్ బుక్ చేశాం. గురగుర శబ్దంలోనే ఆయన ఓపిగ్గా వరుస వరుసా చదివించుకున్నాడు. ప్రతి అక్షరం సరిపోయింది. వరుస మొదట్లో ఖాళీ ఉందా అని అడిగాడు. ఉందని నీలమ్మ చెప్పింది. కాగితంలో ఖాళీ ఉన్న అన్ని వరుసలకూ ఉందా అని అడిగాడు. అన్నిటికీ ఉందన్నది. అయితే నాకూ తోచడం లేదమ్మా అన్నాడు. మూడు నిమిషాలు అయిపోయి లైను తెగింది.

నీలమ్మ ఫోను పెట్టేసి వెళ్లి ఆ వరుస ఇంకోసారి కొట్టి చూసింది. తర్వాత మళ్లీ కాల్ బుక్ చేయమన్నది. చెప్పడానికి ఏం మిగిలిందని అడిగాను. నేను చెప్పేది ఆయన వింటున్నాడు, చేసేది చూడటం లేదు, చూడలేకపోతే కనీసం విననీ అన్నది. కంప్యూటర్ గదికీ ఫోను ఉన్న గురులింగప్ప గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. టెర్మినల్‌ను బల్లతో సహా ఆ కిటికీ కిందికి జరిపాం. కాల్ కలిసింది. ఫోను తీగ అక్కడిదాకా సరిగ్గా సాగింది, కానీ రిసీవరు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. గురులింగప్ప తానే లేచాడు. జనరల్ మేనేజర్ కిటికీలోంచి చేయి బయటికి చాపి, మా కీబోర్డు మీద రిసీవరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ దృశ్యం చూడటానికి అకౌంట్సు వాళ్లు కూడా వచ్చారు.

"సార్, నేను ఒక వరుస కొడుతున్న. జర ఇనున్రి," అని గట్టిగా చెప్పి నీలమ్మ మొదలుపెట్టింది.

ఆమె బొటనవేలు కిందికీ పైకీ ఆడింది. తర్వాత మాట కొట్టబోతుంటే రిసీవరులోంచి ఆగమని అరుపు వినబడింది. గురులింగప్ప ఉలిక్కిపడి రిసీవరు ఆమె చేతికిచ్చాడు.

"అమ్మా, మొదట్లో ఆ టకటక ఏంది? అన్నిసార్లు ఏం కొట్టినవు?"

"ఖాళీ కొట్టిన సార్. ఎనిమిది ఖాళీలు."

ఎనిమిదా అని అవతల గొంతు లేచింది. తర్వాత ఆయన మెల్లగా చెప్పాడు. అక్కడ ఉండాల్సింది ఎనిమిది ఖాళీలు కాదు, ఒకటే. ట్యాబ్ అనే మీట ఒక్కసారి నొక్కితే వచ్చే ఖాళీ. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, మేక్‌కు మాత్రం రెండూ వేరు. తాను ఖాళీ ఉందా అని అడిగాడు గానీ ఏ ఖాళీ అని అడగలేదు, అంత మాత్రం తెలియని టైపిస్టు ఉంటుందని అనుకోలేదు. ఆ చివరి మాటకు నాకు చిర్రెత్తింది గానీ ఆయన తప్పు లేదు. మాకు నిజంగానే తెలియదు.

ఎందుకు తెలియదంటే, జహీరాబాద్‌లో మేం టైపు నేర్చుకున్న రోజుల్లో ఉన్నది ఒకే ఇన్‌స్టిట్యూట్, రామ్‌కిషన్ మాస్టరుది. ఆయన దగ్గరి మిషన్లన్నీ హైదరాబాద్ వేలంలో కొన్న పాతవి, ఒక్కదానికీ ట్యాబ్ పనిచేసేది కాదు. పనిచేయని మీటలను ఆయన ఊడదీసి డబ్బాలో వేసేవాడు. పేరా మొదట్లో బొటనవేలితో ఖాళీలు కొట్టించేవాడు. ఒకటి తగ్గితే వేళ్ల మీద స్కేలు పడేది. మాకు టైపు అంటే అదే. ఆ కాలంలో ఈ తాలూకాలో టైపు నేర్చిన ఏ మనిషిని తెచ్చి కూర్చోబెట్టినా అట్లాగే కొడతాడు. కంప్యూటర్ కీబోర్డు మీద ఎడమ పక్కన బాణాలు గీసిన మీట ఒకటి ఉందని మేమిద్దరం చూశాం, అది దేనికో తెలియనప్పుడు ముట్టుకోకూడదని వదిలేశాం.

నీలమ్మ ఆ మీట మీద వేలు పెట్టి ఒకసారి నొక్కింది. తెర మీద గుర్తు ఒక్క గంతులో ముందుకు దూకింది. ఆమె నవ్వలేదు. పట్టికలో ఖాళీ ఉన్న ప్రతి వరుస మొదటా ఎనిమిది ఖాళీలు చెరిపేసి ఒక్క ట్యాబ్ పెట్టుకుంటూ కిందిదాకా వచ్చింది. మేక్‌ను నడిపింది. ముక్కల పేర్లు ఒకదాని వెనక ఒకటి తెర మీద పైకి పాకిపోతూనే ఉన్నాయి, ఎక్కడా ఆగలేదు. కిటికీలో గురులింగప్ప రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆయన ఎవరికి మొక్కాడో నేను అడగలేదు.

పున్నమికి ముందే కటింగ్ ఆర్డర్లు అచ్చయ్యాయి. నీలమ్మ ఊరికే నమ్మేసే రకం కాదు కాబట్టి నాటిన తేదీలు పక్కన పెట్టుకుని ఊరూరికీ సరిచూసింది, నన్నూ చూడమంది. ఒక్క రోజుకు రెండూళ్లు పడలేదు. గురులింగప్ప సంతకం పెట్టి, బస్వరాజ్‌ను పిలిచి, పల్లెలకు ఇవే పంచమన్నాడు. బస్వరాజ్ తాను రాసిన చీటీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేక గట్టిదే అన్నాడు నాతో, పోతూ పోతూ. ఆ మిషను ఇంకొన్నేళ్లు నడిచింది. అది ఉన్నంతకాలం ఆర్డరు రాలేదని తోట తగలబెట్టుకున్న రైతు మా ఫ్యాక్టరీ కింద ఒక్కడూ లేడు. ఇది నేను గర్వంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే నాకు గుర్తున్నది మాత్రం ఆర్డర్లు పల్లెలకు వెళ్లిన వారంలో జరిగింది. సంగప్ప ఆఫీసుకు వచ్చాడు. అంతకుముందెప్పుడూ ఆయన గేటు దాటి లోపలికి రాలేదు. చెప్పులు బయటే విడిచి, గుమ్మం లోపల గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఊళ్లో అందరూ బిడ్డ మిషను మీద కూర్చుంటుంది, నీది మొదటి ఆర్డరే అని చెప్పి పంపారట. ఇంకా చీటీ చేతికి రాలేదని, చదవడం రాదు కాబట్టి నోటితో చెప్పమని అడిగాడు. నీలమ్మ అచ్చు కాగితం తీసి, వేలు పెట్టి కిందికి వచ్చింది, ఇంకా కిందికి వచ్చింది. ఆ ఏడు ఆయన ఆలస్యంగా నాటాడు. ఆమె వేలు బాగా అడుగున ఒక పేరు దగ్గర ఆగింది.

"అప్పా, నీది శివరాత్రి దాటినంక వస్తది."

శివరాత్రి దాటితే ఎండలు మొదలవుతాయి. ఆ మాట మా ముగ్గురికీ తెలుసు. సంగప్ప, మన ఊర్లో నాకంటే ముందు ఎవరున్నారని అడిగాడు. ఎంకమ్మ ఉందని చెప్పింది. ఎంకమ్మ వాళ్ల ఊళ్లో మొగుడు పోయిన మనిషి, కౌలుకు తీసుకున్న చిన్న మడిలో చెరుకు వేసింది. ఆమె పేరు మీద వేళకు ఆర్డరు రావడం ఎవరూ ఎరగరు.

"నిజమే," అన్నాడు సంగప్ప. "ఆమె నాకంటె ముందుగాలనే నాటింది. ఆమె మడికి నీళ్లు నేనే మలిపిన."

నీలమ్మ కాగితం మడవలేదు, అట్లాగే పట్టుకుని ఉంది. ముందుకు జరపమని అడుగుతాడేమో, అడిగితే ఏం చెప్పాలో అని ఆమె లోపల తయారవుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. ఆయన తలగుడ్డ సర్దుకుని, ఆమె మొహంలోకి చూశాడు.

"ముందు రాకున్న ఫికర్ లేదు బిడ్డా. ఆ దినం వస్తది గద?"

"వస్తది అప్పా."

"మరి ఇంకేం గావాలె," అని ఆయన బస్సు వేళైందని వెళ్లిపోయాడు. అన్నేళ్లలో నీలమ్మ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కరోజే.